కటింగ్‌కి వెళ్లిన పుస్తకం

జూన్ 2

ఉదయం షట్టర్ ఎత్తేసరికి జిగురు గిన్నెలో మీగడలా పొర కట్టి ఉంది. దాని మధ్యలో ఒక వెంట్రుక, గుండ్రంగా చుట్టుకుని. అత్త కస్టమర్లలో ఎవరిదో. పిన్నుతో తీశాను.

గది ఒకటే. ముందు సగం అత్త నడిపే లేడీస్ సెలూన్. కర్టెన్ వెనక సగం నా బైండింగ్ షాప్. పెట్టి అయిదు నెలలు. అత్త నాన్నకి చెల్లెలు. నా దగ్గర అద్దె తీసుకోదు. బదులుగా సలహాలు వినాలి. అద్దె కట్టడమే తేలిక అనిపించే రోజులుంటాయి.

ఇవాళ ఒకావిడ రెండు డిక్షనరీలు తెచ్చింది. రేటు చెప్పాను. ఆవిడ ఇంకా నోరు తెరవకముందే, కావాలంటే తగ్గిస్తానని నేనే అన్నాను. కర్టెన్ అవతల అత్త కత్తెర చప్పుడు ఆగింది. ఆవిడ వెళ్లాక అత్త వచ్చి, బేరానికి కస్టమర్ ఎందుకే, ఇద్దరి పనీ నువ్వే చేసుకుంటున్నావుగా, అంది. రేటు చెప్పు, నోరు మూసుకో, పైకి చూడు, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడు, అంది.

జూన్ 5

అన్నయ్య వచ్చాడు. వాళ్ల ఆఫీసులో ఒక సీటు ఖాళీ అయిందట. వచ్చే నెల ఒకటో తారీఖులోగా చెప్పమన్నాడు. ఎవరితోనూ మాట్లాడే పని లేదు బుజ్జీ, కంప్యూటర్ ముందు కూర్చోవడమే, నీ కోసమే చేసినట్టుంది, అన్నాడు. అట్టలేసుకుంటూ ఎన్నాళ్లుంటావని కూడా అన్నాడు. ప్రేమతోనే అన్నాడు.

జవాబు అత్త చెప్పింది. ఒకరి తల దువ్వడం కూడా ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పనే, నేను దాంతోనే ముగ్గురు పిల్లల్ని చదివించాను, మీ ఆఫీసు మేనేజరు ఎంతమందిని చదివించాడు, అని అడిగింది. అన్నయ్య నవ్వి టీ తాగి వెళ్లాడు.

నిజం చెప్పాలంటే ఆ సీటు నాకు నచ్చింది. మాట్లాడక్కర్లేదు అన్నప్పుడు ఒళ్లంతా తేలికైంది. అందుకే భయమేసింది.

జూన్ 9

రేటు చెప్పి ఫ్యాన్ వంక చూశాను. కస్టమర్ సరే అన్నాడు. ఇంతేనా?

జూన్ 12

మొన్న అత్త నా టేబుల్ దగ్గరికొచ్చేసరికి ఒక డాక్టరుగారి పుస్తకం చదువుతూ దొరికిపోయాను. కిడ్నీలో రాళ్ల గురించి. బాగుంది కూడా. అత్త నెత్తి కొట్టుకుంది. కస్టమర్ జుట్టు చూసి నేను ముచ్చటపడుతూ కూర్చుంటే నా వెనక బెంచీ మీద నలుగురు ముసలివాళ్లయిపోతారు, అంది. చదువుకోడానికి పెట్టావా, కుట్టడానికి పెట్టావా, ఏదో ఒకటి తేల్చుకోమంది.

తేల్చుకున్నాను. షాపులో చదవను. కుట్టేటప్పుడు కళ్లు మడత మీద, సూది మీద.

జూన్ 14

ఇవాళ రాయాల్సింది చాలా ఉంది.

లైబ్రేరియన్ మేడమ్ జుట్టు కత్తిరించుకోడానికి వచ్చింది. అత్త సంగతి తెలుసు కదా, కుర్చీలో కూర్చున్న మనిషి పారిపోలేదు. మా మేనకోడలి చేతిలో పడితే ముక్కలైన పుస్తకం కూడా మళ్లీ కాపురం చేస్తుందండీ, అని మొదలుపెట్టింది. నేను కర్టెన్ వెనక సిగ్గుతో చచ్చిపోతున్నాను. కాసేపటికి కర్టెన్ పక్కకి జరిగింది. తడి జుట్టు, మెడకి టవల్, మేడమ్. టేబుల్ మీదున్న పుస్తకం తీసి తెరిచింది, మూసింది, వెన్ను నిమిరింది. బాగుంది అని మాత్రం అంది.

లైబ్రరీ బైండింగ్ చేసే ఆయన ఊరు మారిపోయాడట. శాంపిల్‌గా అయిదు పుస్తకాలిస్తారు. కమిటీకి నచ్చితే ఏడాది పనంతా నాకే. అంటే ఈ షాప్ షాపుగా నిలబడుతుంది. లేదంటే అన్నయ్య చెప్పిన సీటు. నాకు నేనే ఈ షరతు పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఎప్పటికిస్తావు అని అడిగింది. ఇరవై అయిదు అనబోయాను. అత్త దగ్గింది. తేదీల గురించి అత్త సలహా ఒకటుంది. మనసులోకి వచ్చిన తేదీ ఎప్పుడూ అబద్ధమే, దానికి అయిదు రోజులు కలిపితే నిజమవుతుంది. ముందే ఇచ్చావనుకో, మెచ్చుకుంటారు. ఒక్కపూట ఆలస్యమైందా, తిడతారు. చేసిన పని మాత్రం అదే.

ముప్పై అన్నాను. ముప్పయ్యో తారీఖునే కమిటీ మీటింగట.

కాన్వెంట్ స్కూల్లో ఎలొక్యూషన్ పోటీ రోజున, అందరూ ఉపన్యాసాలిస్తుంటే, సిస్టర్ నన్ను లైబ్రరీకి పంపేసేది, చిరిగిన పుస్తకాలకి అట్టలేయమని. ఈ పని నాకు అక్కడ అంటింది. థాంక్యూ సిస్టర్.

జూన్ 21

అయిదూ కుట్టాను. ఒక్క పేజీ కూడా చదవలేదు. అందులో ఒకటి లావుపాటి నవల. అయినా చదవలేదు. నా మీద నాకే గౌరవం కలిగింది.

జూన్ 24

వెనకవీధి ప్రెస్‌లో కటింగ్ చేయించాను. మూడువైపులా అంచులు కోస్తే పుస్తకం కొత్త సబ్బుబిళ్లలా ఉంటుంది. వేలితో రాస్తుంటే చల్లగా తగులుతుంది. ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే.

అదే రోజు, సాయంత్రం

చొక్కా చేతికి ఒక కాగితపు పోగు అంటుకుని వచ్చింది. కటింగ్‌లో పడిన ముక్క. తీసి పారేయబోతే దానిమీద పెన్సిల్ గీతలు. "నీకుం" అని ఉంది. అంతే.

నవల తెరిచాను.

అంచుల నిండా రాతలు. ఎన్నేళ్లుగానో, ఎంతమందో. హీరో వాళ్లమ్మకి ఉత్తరం రాయకుండా వెళ్లిపోయే చోట ఒకరు, వీడికి బుద్ధి లేదు అని రాశారు. దానికింద ఇంకో చేతిరాత జవాబు చెప్పింది. ఆ జవాబులో సగమే నా చొక్కాకి అంటుకున్నది. దానికింద మూడో మనిషి, ఇద్దరూ పుస్తకం పూర్తి చేసి వచ్చి పోట్లాడుకో, అని. అక్కడితో ఆగిపోయింది. మిగతాది కోసేశాను. అలాంటివి పేజీపేజీకీ. ఒక పోట్లాట నలభై పేజీలు సాగింది. ఎవరు గెలిచారో ఇప్పుడు తెలియదు.

చదివి ఉంటే చూసేదాన్ని.

జూన్ 25

పొద్దున్నే ప్రెస్‌కి వెళ్లాను. చెత్త సంచీ ఇంకా అక్కడే ఉంది, దేవుడి దయ. బిల్లు పుస్తకాల ముక్కలు, రంగు కాగితాలు, వాటి మధ్య నా నవల అంచులు. పచ్చబడిన కాగితం కాబట్టి గుర్తుపట్టొచ్చు. ప్రెస్ ఆయన తనూ ఒక స్టూలు లాక్కుని కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. ఎందుకని అడగలేదు. ఇది పనికొస్తుందామ్మా, ఇది, అని ఒక్కొక్కటీ చూపించాడు. ఆయనకి సగం పూట పోయింది.

అత్తకి చెప్పాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా, లైబ్రరీ పుస్తకంలో గీతలు ఎవరు చూస్తారు, అని కూడా అన్నాను. అలా అన్నందుకు అత్త తిట్టలేదు. తన కథ చెప్పింది. ఒకసారి ఒకావిడ జుట్టుకి రంగు వేస్తే ఆకుపచ్చ తిరిగిందట. అద్దం వైపు కుర్చీ తిప్పేముందే చెప్పేసిందట, అమ్మా, రంగు పచ్చబడింది, ఇంకో రెండు గంటలు కూర్చుంటే సరిచేస్తాను, అని. ఆవిడ ఇప్పటికీ వస్తోంది. కూతుర్ని కూడా తెస్తోంది.

తప్పు మనం చెప్తే తప్పు. వాళ్లు కనిపెడితే మోసం, అంది. ఇంకోటి, తప్పుని ఒంటరిగా పంపకు. దానికి తోడు మందు కూడా పంపు.

ఆ తర్వాత కాస్త ఆగి, చదవొద్దన్నది నేనే కదే, అంది. నా సలహాలూ రంగులాంటివే, అందరి జుట్టుకీ పడవు. నువ్వు చదువుకో. కాకపోతే తేదీకి ఇంకో రెండు రోజులు కలుపుకో.

జూన్ 28

పలచటి టిష్యూ మీద ముక్కలు వరసగా అతికించి, ఆ టిష్యూని పేజీ అంచుకి జిగురుతో కలిపాను. ఒక్కో పేజీకి ఒక్కో చిన్న రెక్క. అంచు ఇప్పుడు సబ్బుబిళ్లలా లేదు. కోడిపిల్లలా ఉంది. కొన్ని పేజీలకి ముక్క దొరకలేదు. అవి అలాగే వదిలేశాను. ఊహించి రాయడం తప్పనిపించింది.

నలభై పేజీల పోట్లాటలో గెలిచింది మూడో మనిషి. ఆ ముక్క దొరికింది.

జూన్ 29

మేడమ్‌కి ఉత్తరం రాసుకున్నాను. మంచి ఉత్తరం. అత్త చదివి, చాలా బాగా రాశావు, ఇంట్లో పెట్టుకో, అంది. కాగితం వెనక దాక్కోకు, మనిషివి వెళ్లు.

మధ్యాహ్నం సెలూన్‌లో ఎవరూ లేరు. అత్త కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చుని, నేనే కమిటీని, చెప్పు, అంది. దువ్వెనతో చెయ్యి మీద కొట్టుకుంటూ, ఊఁ, అంచులెందుకు కోశావమ్మాయ్, అని గొంతు మార్చి గద్దించింది. నాకు నవ్వొచ్చింది. మళ్లీ మొదట్నుంచి. మళ్లీ. పొడుగు వాక్యాలు తీసేయించింది. చివరికి నాలుగు మిగిలాయి.

జూన్ 30

బల్లకి అవతల ముగ్గురు. లైబ్రేరియన్ మేడమ్, ఒక రిటైర్డ్ ఇంజనీరుగారు, మాట్లాడని ఒకావిడ. ఎవరూ పుస్తకం తెరవకముందే చెప్పాలి. ఇంజనీరుగారి చెయ్యి నవల మీదికి వెళ్తుండగా ఆగమన్నాను. అది నా నోటి నుంచే వచ్చింది.

నాలుగు వాక్యాలు చెప్పాను. అంచుల్లో రాతలున్నాయని చూడకుండా కోయించాను. దొరికినన్ని ముక్కలు తిరిగి కలిపాను. దొరకనివి పోయినట్టే. ఇకమీద మీ పుస్తకాల అంచులు కోయను.

ఇంజనీరుగారు రెక్కలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. అసలు లైబ్రరీ పుస్తకంలో ఈ రాతలెందుకున్నాయి, ఏటా చెరిపించాలని రూలుంది కదా, అని మేడమ్‌ని అడిగారు. మేడమ్ ముఖం మారకుండా, రబ్బరు ఎక్కడో పెట్టి మర్చిపోయానండీ, అంది. ఎన్నేళ్లుగా, అన్నారాయన. చేరినప్పట్నుంచీ, అంది.

మాట్లాడని ఆవిడ నవ్వింది. ఆ పుస్తకం ముందు నాకివ్వండి, అని అడిగింది.

ఆరు నెలల పని ఇచ్చారు. ఏడాదిది కాదు. డిసెంబరులో మళ్లీ చూస్తారట. తలుపు దాకా వచ్చి మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసింది. ముక్కలు దొరకని చోట ఏముందో కొన్ని తనకి నోటికి వచ్చు అంది.

తిరిగొచ్చేసరికి అత్త సగం కత్తిరించిన తలని వదిలేసి వీధిలోకి వచ్చి నిలబడింది. కుర్చీలో ఉన్నావిడ కూడా ఏమైందని అరుస్తోంది. ప్రెస్ ఆయనకి కూడా చెప్పి వచ్చాను. ఇంతమందికి నా సంగతి పట్టిందని ఇప్పటిదాకా నాకు తెలియదు.

జూలై 1

అన్నయ్యకి ఫోన్ చేసి ఆ సీటు వద్దన్నాను. నిన్న ఆ నాలుగు వాక్యాలకీ చాలాసేపు పట్టింది. ఒక్కరు కూడా నా మాట అందుకుని తాము పూర్తి చేయలేదు. చివరి అక్షరం దాకా ఆగారు.

నాకు నత్తి.