ఒక్క గడి తప్పు

అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బాగాలేనిది నా మనసొక్కటే. దాని సంగతి చివర్లో చెబుతాను. తొందరపడి చివరి పేజీ తిప్పకు. కథల పుస్తకాలు కూడా అలాగే చదివేదానివి నువ్వు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నా మోకాలి నొప్పి తగ్గింది. మీ మరిది గురక తగ్గలేదు. బడి పిల్లలకు గళ్ళనుడికట్టు నేర్పుతున్నావని చదివి ఎంత సంబరపడ్డానో! ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాటలు కావాలన్నావుగా, రాసుకో: మడమ, కునుకు, పులుపు, మహిమ, వికటకవి. తిరగేస్తే ఇంకో మాటయ్యేవి పిల్లలకు మరీ నచ్చుతాయి. ‘పలక’ని తిరగేస్తే ‘కలప’. ఇది కుదిరిన రోజు మన గళ్ళ తాత ఆఫీసందరికీ టీ ఇప్పించాడు, గుర్తుందా?

మనం పనిచేసిన వారపత్రికలో నుడికట్టు కూర్చే ఆ తాత నాకీమధ్య తరచూ గుర్తొస్తున్నాడు. కింద అచ్చుయంత్రం తిరుగుతుంటే పైన మన గది నేలంతా వణికేది. గోనెసంచుల్లో వచ్చిన పాఠకుల జవాబు పత్రాలు నువ్వు దిద్దేదానివి. ఎవరు ఏ గడిలో తప్పుగా ఏ అక్షరం రాశారో నేను తప్పుల పుస్తకంలో ఎక్కించేదాన్ని. ఒక అక్షరానికి ఒకే గడి. “ఒత్తు ఎంత లావుదైనా ఆ గడిలోనే సర్దుకోవాలమ్మాయ్” అనేవాడు తాత. అమ్మ పోయాక మనిద్దరం ఆ ఒక్క గది ఇంట్లో సర్దుకోలేదూ, అలాగన్నమాట. నీకు ఇరవై రెండు, నాకు పదిహేడు. అంత వయసొచ్చినా నా జడ నువ్వే వేసేదానివి.

ఇక నువ్వడిగిన చివరి సంగతి. “ఆ ఒక్క గడి తప్పు ఆయన గుర్తున్నాడా? నా వేళాకోళానికే నొచ్చుకుని మానేశాడేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది” అని రాశావు. ఆ వాక్యం చదివాక నాకు అన్నం సహించలేదు.

గుర్తుండకేం? గడియారాలు బాగుచేసే ఆయన. ఓసారి మన ఆఫీసు గోడగడియారం బాగుచెయ్యడానికొచ్చి, నువ్వు పత్రాలు దిద్దుతుంటే చూసి వెళ్ళినవాడు. అన్నీ ఒప్పే రాసి ఒక్క గడి మాత్రం ఘోరంగా తప్పేవాడు. ‘మడమ’కి బదులు ‘మడపె’. మరుసటి వారం ‘కునుకు’కి బదులు ‘కుళ్ళికు’! ఒక్క తప్పు చేసినవాళ్ళకు కార్డు రాయడం మన ఆఫీసు పద్ధతి కదా, నువ్వు రాశావు: “నిద్రలో నింపారా? మనుషులకు పట్టేది కునుకండీ, కుళ్ళికు కాదు.” అది చదివి నేను కుర్చీలోంచి పడ్డంత పని చేశాను. అప్పట్నుంచి వారం వారం ఆయన తప్పు, నీ కార్డు. సంచి విప్పగానే నీ చేతులు ముందు ఆయన పత్రం కోసమే వెతికేవి. ఆరో వారం “ఇంకోసారి తప్పితే చెత్తబుట్టే” అని రాశావు. ఆ మాటే కదూ ఇన్నాళ్ళూ నిన్ను పొడుస్తున్నది?

ఏడో వారం నీకు జ్వరం. పత్రాలు నేనే దిద్దాను. ‘పులుపు’కి బదులు ‘పులుమా’ అని ఉంది. నవ్వుకుంటూ ‘మా’ అని పుస్తకంలో ఎక్కించాను. ఆయన పేరు కింద ఏడు తప్పులు వరసగా ఉన్నాయి. పె, ళ్ళి, చే, సు, కుం, దా, మా.

అడ్డంగా చూస్తే తప్పులే అక్కా. నిలువుగా చూస్తే ఉత్తరం.

నువ్వు దిద్దావు గానీ, ఆ పుస్తకం నువ్వెప్పుడూ తెరవలేదు. చూసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు భయమేసింది. నువ్వు వెళ్ళిపోతే ఆ గదిలో నేనొక్కదాన్నే ఎలా ఉంటాను? అంతే, ఇంకే కారణమూ లేదు. ఆ పేజీ చింపేశాను, ఆయన పత్రమూ దాచేశాను. మర్నాటి నుంచీ “ఒక్క గడి తప్పు రాలేదా?” అని నువ్వడిగితే “రాలేదే” అన్నాను.

ఎనిమిదో వారం వచ్చింది. ఈసారి తప్పు లేదు, ఖాళీ ఉంది. ‘నిలువు 9: ఒప్పుకుంటే అనే మాట (2)’. పై గడిలో ‘స’ రాసి, కింద గడి వదిలేశాడు. అదీ దాచేసి, అచ్చుకార్డు ఒకటి పోస్టులో వేశాను: “ఖాళీ గళ్ళున్న పత్రాలు పరిశీలించబడవు.” ఆ తర్వాత ఆయన మళ్ళీ రాయలేదు.

రెండేళ్ళకు నేనే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాను. నువ్వే ఒంటరిగా మిగిలావు, ఇప్పటికీ. నేనెంత పాపిష్టిదాన్నో చూడు.

నీ ఉత్తరం అందాక, మొన్న మంగళవారం ఆ దాచిన పత్రం మీది చిరునామా పట్టుకుని వెళ్ళాను. ఇరవై ఆరేళ్ళయినా కొట్టు అక్కడే ఉంది. ఆయనే కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు.

“ఏం బాగుచెయ్యాలమ్మా?”

“గడియారం కాదండీ, గడి.”

భూతద్దం తీసి నావైపు చూశాడు. “మీరు... ఆవిడేనా?”

“చెల్లెల్ని. అక్క ఆ రెండు పత్రాలూ చూడనే లేదండీ. నేను దాచేశాను.”

“నా పిచ్చిపనికి కోప్పడ్డారనుకున్నాను” అన్నాడు. పెళ్ళయిందట, భార్య పోయి ఆరేళ్ళయిందట. నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. సొరుగు లాగి నీ కార్డు చూపించాడు, కుళ్ళికు కార్డు. చదివి ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఏడ్చేశాను.

నీ మాటకు ఎవరూ నొచ్చుకోలేదక్కా. నేనే నిన్ను పోగొట్టుకోలేక నీది పోగొట్టాను. తిట్టు. ఏడాదిపాటు ఉత్తరం రాయకు. నాకు తగినదే. ఎనిమిదో పత్రం ఇందులో పెట్టాను. గడి ఇంకా ఖాళీగానే ఉంది. నా మీది కోపంతో మాత్రం నింపకు, మానకు. నింపినా ఖాళీగా ఉంచినా నాకే పంపు, నేనే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెడతాను. ఈసారి అచ్చుకార్డు వెళ్ళదు.

పెన్సిల్ ముక్క కూడా పెట్టాను. రబ్బరు పెట్టలేదు.

ఇట్లు,
ఒక్క గడి కాదు, అన్నీ తప్పిన
నీ చెల్లి