తేటనీళ్ల కాఫీ

ప్రేమగల నాయనగారికి, అమ్మకు,

ఇంతకాలం నన్ను కాచిన ప్రభువు మిమ్మల్నందరినీ చల్లగా కాయాలని కోరుతూ, నీలగిరి కొండ మీది కాఫీ తోట నుంచి మీ కూతురు రూతమ్మ వందనాలతో రాసుకునేది. నాయనా, మీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? అమ్మకు దగ్గు ఇంకా వస్తున్నదా? మిరియాలు కాచుకుని తాగమనండి. నా మాట ఎప్పుడు విన్నది గనక, అయినా చెప్పండి. బర్రె ఈనిందా? తమ్ముడి భార్య శాంతమ్మకు ఇప్పుడు ఆరో నెల అనుకుంటాను, బరువులు ఎత్తనీయకండి. నేను బాగున్నాను. ఆ మాట ఈసారి ఒక్కసారే రాస్తాను.

మీ జాబు అందింది. నేను పంపిన కాఫీ గింజల గతి చదివి ఎంత నవ్వానంటే, లోపల నుంచి దొరసానిగారు ఏమైందని కేకేశారు. అమ్మ వాటిని ఉలవల్లాగా పొద్దుగూకే దాకా ఉడకబెట్టిందా! ఉప్పు కూడా వేసిందా! ఎంతకూ మెత్తబడక బర్రె ముందు పోస్తే అది కూడా మూతి తిప్పుకున్నదా! తప్పు నాదేలే అమ్మా. పచ్చివి పంపి, వేయించాలని రాయడం మరిచాను.

ఇప్పుడు సరిగ్గా రాస్తున్నాను. ఊరగాయకు మెంతులు వేయించే మూకుడు వద్దు, ఆ వాసన చచ్చినా పోదు. కొత్త మూకుడు తీసుకో. సన్నటి సెగ పెట్టి చేయి ఆపకుండా కలుపుతూ ఉండు. గింజ ముందు పసుపు రంగు తిరిగి పచ్చిగడ్డి వాసన వేస్తుంది. భయపడకు, అది అట్లాగే ఉంటుంది. తరువాత చిటపటమంటుంది. ఆ చప్పుడు సద్దుమణిగి, గింజ చింతపిక్క రంగుకు రాగానే చేటలో పోసి విసురు. ఇంకాసేపు ఉంచావంటే బొగ్గు తాగినట్లే. చల్లారాక రోట్లో దంచు, కానీ మిరపకాయలు దంచిన రోలైతే నాకు చెప్పొద్దు. మరిగే నీళ్లు పొడి మీద పోసి, మూత పెట్టి, పలచటి గుడ్డలో వడకట్టుకుని, కాగిన పాలు కలపాలి. బెల్లం గ్లాసులో వేసుకో, పొయ్యి మీద పాలల్లో వేశావంటే విరుగుతాయి.

ఇక్కడ బంగళాలో కాఫీ పెట్టడం ఒక పూజలాగా ఉంటుంది. దొరసానిగారికి గాజు బుడిపె ఉన్న సీమ కెటిలు కావాలి, నీళ్లు లోపల పైకెగిరి బుడిపెలో గోధుమరంగు కనిపిస్తే అయినట్లు. దొరకు మాత్రం మద్రాసు వాళ్ల మాదిరి ఇత్తడి ఫిల్టరు. కింద గిన్నె, పైన చిల్లుల గిన్నె. పొడిని మరీ గట్టిగా అదిమితే చుక్క దిగదు, వదులుగా వేస్తే నీళ్లు ఉరుకుతాయి. ఆ వేలి ఒత్తిడి నాకు పట్టుబడడానికి రెండు నెలలు పట్టింది. గింజల్లోనూ కులాలున్నాయి నాయనా. పండులో మామూలుగా రెండు బద్దలుంటాయి. ఎక్కడో ఒక పండులో ఒకే గుండ్రటి గింజ ఉంటుంది. దాన్ని ఏరి దొర కోసం వేరుగా పెడతారు. బద్ద గింజలు ఓడ ఎక్కుతాయి. విరిగినవి, నల్లబడినవి ఊడ్చి నా బోటి వాళ్లకు ఇస్తారు. వాటినే నా గదిలో వేయించుకుని తాగుతాను. దొరసానిగారు సొట్టపోయిందని పారేయబోయిన ఫిల్టరు కూడా నేనే తెచ్చుకున్నాను.

ఇదొక్కటే ఇక్కడ నాకు సుఖం. ఎండ మొహం చూసి ఎన్నాళ్లయిందో. పొద్దున లేస్తే మంచు, తరువాత వాన, ఆ తరువాత జలగలు. మార్కాపురం పలకల గనుల దగ్గర అరికాళ్లు మాడిన ఎండను తిట్టుకున్నందుకు ఇప్పుడు లెంపలు వేసుకుంటున్నాను. జొన్నరొట్టె లేదు, గోంగూర లేదు. సాయంకాలం పని ముగిశాక కొండ దిగి కూలీలకు వరసగా కట్టిన లైన్లలో నా గదికి వచ్చి, ఆ సొట్ట ఫిల్టరు ముందు కూర్చుంటే, చుక్క చుక్క పడే చప్పుడుకు మీరందరూ పక్కనే ఉన్నట్లుండేది.

పండు కోత మొదలైన వారానికి ఆ కాఫీ చెడిపోయింది. బంగళాలో పెడితే బాగుంటుంది, నా గదిలో పెడితే కుళ్లిన పండు వాసన. నాకు ఒళ్లు మండింది, ఎక్కడ తప్పు చేస్తున్నానా అని. గింజలు మార్చాను. ఓడకు పోయే మంచి బద్ద గింజలు దోసెడు అడిగి తెచ్చాను, అదే వాసన. ఫిల్టరును చింతపండుతో తోమాను. గుడ్డలో వడకట్టాను. మూకుడు మార్చాను. చివరికి బంగళాలో ఆడించిన పొడే, దొర తాగే ఒంటి గింజ పొడే, చిటికెడు పొట్లం కట్టి తెచ్చాను. అదీ కంపే. ఇక మిగిలింది నీళ్లు. మర్నాడు చెంబుతో బంగళా నీళ్లు తెచ్చి పెట్టాను. ఎంత బాగా వచ్చిందో!

బంగళా నీళ్లు పైన ఊట నుంచి వస్తాయి. లైన్ల నీళ్లు వాగువి. ఆ వాగు ఒడ్డునే పండ్ల తోలు తీసి కడిగే తొట్లున్నాయి, ఆ కడుగంతా అందులోకే పోతుంది. కోత మొదలవగానే వాగు మడ్డిగా మారింది. మనవాళ్లు చూసి జంకారు. అప్పుడు నేనే ముందుకు వచ్చాను నాయనా. అమ్మ మూట కట్టి ఇచ్చిన చిల్లగింజలు ఉన్నాయి కదా. ఇంటింటికీ వెళ్లి ఒక్కో కుండ లోపల గింజ అరగదీసి నీళ్లు పోయించాను. మన చెరువుల ఎర్రనీళ్లు ఎట్లా తేటబడతాయో ఇవీ అట్లాగే తేటబడ్డాయి. అడుగున పెట్టిన వేలు కనిపించింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు, నాకు గర్వమనిపించింది. మనవైపు వాళ్లం నీళ్లు తేటబడితే చాలు, ఇంకేమీ అడగం కదా.

కాఫీ చెడిపోవడానికి నీళ్లే కారణమని తెలిసిన రోజున కూడా నాకు బుద్ధి రాలేదు. అది నా నాలుక గొడవ అనుకున్నాను. బంగళాలో తిని మరిగి నాకు కులుకు ఎక్కువైందనుకున్నాను. నా కాఫీకి రోజూ చెంబుడు ఊట నీళ్లు తెచ్చుకుంటూ, పక్కవాళ్ల కుండల్లో చిల్లగింజలు అరగదీస్తూనే ఉన్నాను.

నా పక్క గదిలో కొనకనమిట్ల పౌలు, ఆయన భార్య ఎస్తేరమ్మ ఉండేవారు. ఆమె నన్ను వదినా అని పిలిచేది. ఎన్నిసార్లు కాఫీ ఇవ్వబోయినా నోటి దగ్గరికి రానిచ్చేది కాదు. "ఆ చేదు కషాయం నాకొద్దొదినా, నీ చిల్లగింజ నీళ్లే నాకు చక్కెర" అనేది. ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ల అమ్మకు జాబు రాయమని నా ముందు కూర్చున్నది. చెబుతూ చెబుతూ రెండుసార్లు లేచి బయటికి వెళ్లింది. ఏంది, ఒంట్లో బాగాలేదా అని అడిగితే, పొద్దున తిన్నది పడలేదని అన్నది. మేమంతా క్షేమం, ఇక్కడ నీళ్లు అద్దంలాగా ఉంటాయి, చెల్లెల్ని కూలీల మేస్త్రి వెంట పంపండి అని చెప్పింది. చెప్పింది చెప్పినట్లు రాశాను. టపా మనిషి తీసుకుపోయాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఎస్తేరమ్మ లేదు. వాంతులు, భేదులు. గుక్కెడు నీళ్లు అడిగితే ఆ కుండలోవే ముంచి పోశాను నాయనా. నా చేత్తోనే పోశాను.

ఆ తరువాత పౌలు పడ్డాడు. ఎదురు గదిలో ముసలమ్మ పడింది. నాకు ఏమీ కాలేదు. ఎందుకా అని ఆలోచిస్తే, నేను తాగేదంతా మరిగిన నీళ్లే. చెడిపోయిన ఆ కాఫీ కూడా మరిగిందే. ఏం జరుగుతున్నదో చూద్దామని వాగు వెంట పైకి నడిచాను. తొట్లకు పైన కొత్త లైన్లు కట్టారు. అక్కడ రోగంతో పడి ఉన్నవాళ్ల గుడ్డలు ఆ నీళ్లలోనే జాడిస్తున్నారు.

దొరగారికి చెప్పాను. డాక్టరుకు కబురు పెట్టారట, పండు చెట్టు మీద ఆగదు గనక కోత మాత్రం ఆపలేమన్నారు. లైన్లలో గది గదికీ తిరిగి నీళ్లు మరగబెట్టుకోమని మొత్తుకుంటున్నాను. కట్టెలన్నీ తడిసి ఉన్నాయి, పైగా కుండలో నీళ్లు తేటగా కనబడుతున్నాయి, నా మాట ఎవరికి ఎక్కుతుంది? తేట చేసిందీ నేనే కదా.

మేస్త్రి మన కంభం వైపు మనిషే. నా చేతిలో కాగితం చూసి పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడిట్ల రాస్తే ఎవురొస్తారు రూతమ్మా? అందరూ బాగుండారని రాయి. నాలుగు దినాలు పోతే బాగయ్యేదే గదా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, మెల్లగానే అన్నాడు. సరేనని తల ఊపి, ఆయన వెళ్లాక ఇది రాస్తున్నాను. ఈ లైన్లలో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నాళ్లూ ఇక్కడి నుంచి మనవైపు వచ్చిన క్షేమ సమాచారాలన్నీ నా చేతిరాతే. ప్రార్థన అయ్యాక నా జాబులను ఉపదేశిగారు అందరికీ చదివి వినిపిస్తారని మీరు సంతోషంగా రాశారు. ఇది కూడా అట్లాగే చదివించండి. ఒక్క ముక్క వదలొద్దని చెప్పండి.

తమ్ముడు దావీదును, శాంతమ్మను మేస్త్రి గుంపుతో పంపుతున్నామని, వాడి చేతికి చిల్లగింజల మూట ఇస్తున్నామని రాశారు. ఇద్దరినీ పంపొద్దు. మూట కూడా పంపొద్దు. మన ఊళ్లో కోతలయ్యాక రమ్మని నేనే ముందు జాబులో రాశాను, అది కొట్టేయండి. మీకు నడవడం కష్టమని తెలుసు, అయినా ఎట్లాగైనా బండి కట్టించుకుని కొనకనమిట్ల వెళ్లి ఎస్తేరమ్మ తల్లికి మీ నోటితో చెప్పండి. నా ఉత్తరం నమ్మి ఆమె చిన్నకూతురి బట్టలు సర్దుతూ ఉంటుంది. నన్ను తిట్టినా పడి రండి.

అమ్మా, ఇంట్లో కూడా తాగే నీళ్లు కాచుకో. తేటగా ఉన్నాయి కదా అనకు. ఉపదేశిగారికి, పెద్దమ్మకు, మన గూడెంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పండి. పిల్లలకు ముద్దులు. నా కోసం, ఇక్కడ పడి ఉన్నవాళ్ల కోసం ప్రార్థన చేయించండి. మీ దీవెన తప్ప ఇంకేమీ అడగని

మీ కూతురు
రూతమ్మ

టపా మనిషి ఇంకా రాలేదు. అంటించిన జాబు విప్పి మళ్లీ రాస్తున్నాను. మేస్త్రి ఇప్పుడే వంటింటి గడప దగ్గర నిలబడి వెళ్లాడు. ఆయనకు తంతి వచ్చిందట. "మీ తమ్ముడు పెండ్లాంతో కంభంలో రైలెక్కినాడంట. ఎల్లుండికి కొండెక్కుతారు. రానా వద్దా అని ఊగులాడుతుంటే, నీ ముందటి జాబు చదివినాకనే మనసు కుదిరిందంట" అని సంతోషంగా చెప్పాడు.

నాయనా, ఈ జాబు ఇక దావీదు కోసం కాదు. మిగిలినవాళ్ల కోసం చదివించండి. దొరసానిగారిని పెద్ద రాగి డేగిసా అడిగితే కాదనలేదు. ఊట నీళ్లు మరగబెట్టి, గుంపు మొత్తానికీ సరిపోయేంత కాఫీ కలిపి, ఎల్లుండి కొండ మలుపు దగ్గర నిలబడతాను. ముందు వాడి చేతిలో మూట లాగేసుకుంటాను. వాళ్లను ఒక్క పూట కూడా లైన్లలో దిగనీయను. కొండ కింద రైలు దిగే మెట్టుపాళెం దాకా తిరిగి పంపలేకపోతే బంగళా పశువుల కొట్టంలోనైనా నా కళ్ల ముందు పడుకోబెడతాను. శాంతమ్మ చెప్పిన మాట వింటుంది. వాడి సంగతే భయంగా ఉంది. చిన్నప్పుడు జ్వరం కషాయం ఇస్తే పక్కకు తిరిగి ఉమ్మేసి, పరుగెత్తి కుండలో నీళ్లు ముంచుకుని తాగేవాడు. వాడికి చేదు పడదు, మీకు తెలుసు కదా.