గౌతమి కోసం ప్రార్థన

రేపల్లె,
మంగళవారం.

ప్రియమైన తమ్ముడు జార్జికి,

ప్రభువు పేరట మీ అక్క స్వర్ణలత వందనాలు. మరదలు బిందుకూ పిల్లలకూ దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఈ మాట లేకపోతే ఉత్తరం మొదలవదు కాబట్టి రాశాను. నా క్షేమం సంగతి మాత్రం చివరిదాకా చదివి నువ్వే తేల్చు.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. డయాలసిస్ మిషను మీద ఉన్న నాలుగు గంటలూ ఎడమ చెయ్యి కదపకూడదనీ, ఫోను చూస్తే కళ్లు లాగుతున్నాయనీ, కాగితమైతే గుండెల మీద పెట్టుకుని చదువుకుంటాననీ రాశావు. అందుకే పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. పొద్దున్నించి ఇది మూడోసారి మొదలుపెట్టడం. మధ్యలో లేచి రెండుసార్లు కాఫీ పెట్టుకున్నాను. ఉతికిన బట్టలే మళ్లీ తడిపాను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎందుకు లేచానో తెలియడం లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ బావగారి మోకాలు నయమే. భట్టిప్రోలు స్కూలుకి మళ్లీ బస్సులోనే వెళ్తున్నారు. సింధు బాపట్ల హాస్టల్లో బాగానే ఉంది. పరీక్షలు బాగా రాశావా అంటే "రాశానమ్మా" అంటోంది, 'బాగా' అన్న మాట మాత్రం మింగేస్తోంది. అమ్మానాన్నల సమాధులకు సున్నం వేయించాను. ఇక కిడ్నీ కోసం ప్రభుత్వం జాబితాలో నీ నంబరు రావడానికి ఇంకా రెండేళ్లు పట్టొచ్చని నువ్వు తేలిగ్గా రాశావు గానీ, నీ చేతిలో మిషనుకి కలిపే నరం రెండోసారి మూసుకుపోయిందని బిందు ఫోనులో ఏడ్చింది. తన రక్తం గ్రూపే నీకు కలవకపోయిందని మళ్లీ మళ్లీ అంది. ప్రార్థన చేసుకో అని చెప్పి పెట్టేశాను. అంతకంటే చేతకాని మాట నా జన్మలో అనలేదు.

నువ్వు కింద రెండు గీతలు గీసి అడిగింది 'రెండో ఊపిరి' సీరియల్ గురించి. మీ వార్డులో నర్సులు కూడా దాని గురించే మాట్లాడుకుంటున్నారని రాశావు. ఇక్కడ అంతకు నాలుగింతలు. మొదట్లో ఎవరికీ నచ్చలేదు. మా స్త్రీల సమాజం ప్రెసిడెంటు ప్రేమకుమారిగారైతే, "అన్నం తినే టైముకి కడుపులు కోసి చూపిస్తారేంటండీ, వీళ్లకి వేరే కథలే దొరకలేదా?" అని రిమోటు తీసుకునేవారు. చేపలమ్మే రత్తాలు మన అరుగు మీద కూర్చుని ఒక భాగం చూసింది. అందులో గుండెను ఐసు పెట్టెలో పెట్టుకుని పరుగెడుతుంటే, "ఆ కాసింత ఐసేంటండీ, మా రొయ్యలకే అంతకన్నా ఎక్కువేస్తాం" అంది. నవ్వలేక చచ్చాం.

తర్వాత గౌతమి వచ్చింది. గౌతమి అంటే ఆ సీరియల్లో కిడ్నీలు పాడైన కుట్టుమిషను పిల్ల. రోజుకి ఇన్నే నీళ్లని డాక్టరు చెబితే, ఆ నీళ్లు పొద్దున్నే ఒక చెంబులో కొలిచి పెట్టుకుని, మధ్యాహ్నానికి ఎంత మిగిలిందో వంగి చూసుకుంటుంది. ఆ ఒక్క సీనుతో ఊరు పడిపోయింది. రత్తాలు కళ్లొత్తుకుంటూ, "అమ్మా, ఎండాకాలం గూడా అన్నే నీళ్లా?" అని నన్నడిగింది. నీ సంగతి తనకి తెలుసు కదా. ఆ రోజు నుంచి ఎవరూ రిమోటు ముట్టుకోలేదు. సీరియల్ వచ్చేది గురువారం ఏడింటికి కాబట్టి, ఆ రోజు కుటుంబ ప్రార్థన ఏడు గంటల నుంచి ఆరుకి మారింది. గౌతమి రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతుంది అని ఉల్లిపాయల ధర అడిగినట్టు అడుగుతున్నారు. సింధు హాస్టల్లో ఆడపిల్లలు గౌతమి కోసం ఉపవాసం కూడా ఉన్నారట. మెస్సులో ఆ పూట వంకాయ కూరలే, కాబట్టి ఆ ఉపవాసాన్ని నేను పెద్దగా లెక్కపెట్టను.

ఇక అసలు విడ్డూరం విను. తొమ్మిది రోజుల కిందట, ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవుల చీటీలు చదువుతున్నారు. కొత్తగా వచ్చిన పాస్టరు వినయ్ కుమార్ అయ్యగారు చిన్నవాడు, ఇంట్లో టీవీ లేదు. ఒక చీటీ విప్పి గంభీరంగా చదివారు: "గౌతమి అనే సహోదరి కిడ్నీల జబ్బుతో బాధపడుచున్నది. దాత దొరకునట్లు, ఆ దాత మనస్సును ప్రభువు కదిలించునట్లు ప్రార్థించుదము." ఆడవాళ్ల వైపంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కొందరు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కానీ అయ్యగారు కళ్లు మూసుకుని ఎంత కన్నీటితో ప్రార్థించారంటే, చివర్లో ఆమెన్ మాత్రం అందరూ గట్టిగానే అన్నారు.

అక్కడితో ఆగిందా? సోమవారం సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. మన గుమ్మంలోనూ నిలబడి, "అమ్మా, గౌతమిగారి ఇల్లు ఏ వీధిలో అండి? పరామర్శించి వద్దామని" అన్నారు. కాఫీ తాగి వెళ్లండని మాట మార్చాను. చివరికి ప్రేమకుమారిగారే ఆయన్ని కూర్చోబెట్టి, టీవీ వేసి చూపించారట. చీటీ ఎవరు రాశారని ఊరంతా ఒకటే ఆరా. అయ్యగారు మాత్రం, "ఎవరో బాధలో ఉన్నవాళ్లే రాసుంటారండి, వెతకొద్దు" అన్నారట.

పోయిన గురువారం ఇంకో గొడవ. గౌతమికి కిడ్నీ ఇస్తానన్న అన్న, ఆపరేషను పొద్దున ఆస్పత్రి గేటు దాకా వచ్చి, ఆటో ఎక్కి పారిపోయాడు. మన ముందు గదిలో పదిమంది ఆడవాళ్లం ఉన్నాం. ఒకరు వాడి చేతులు పడిపోవాలన్నారు. ఇంకొకరు వాడికి నీళ్లు పుట్టకూడదన్నారు. అందరికంటే పెద్దగా తిట్టింది నేను. ఏం తిట్టానో ఇక్కడ రాయను. తిట్టి, వంటింట్లోకి వెళ్లి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో నిలబడ్డాను.

మర్నాడు పొద్దున రత్తాలు చేపలు కోస్తూ తల ఎత్తకుండా అంది: "రాత్రి అంతలా తిట్టారు గానీ అమ్మా, నాకు ఆడి మీద జాలేసిందండి. తుపాన్లో పడవ తిరగబడ్డాక మా కొడుకు నాగశివ రెండు నెల్లు చేపల యేటకి పోలేదు. ఒడ్డునంతా పిరికోడన్నారు. అన్నకొద్దీ ఆడు ఇంటో ఇంకా లోపలికి పోయేవోడు. నేనేం అనలేదండి. ఒకనాడు ఆడే లేచి వల బుజానేసుకున్నాడు. భయం పోయిందా అంటే, లేదే, భయంతోనే పోతన్నా అన్నాడు."

జార్జీ, ఇక్కడి నుంచి మిషను దిగాక చదువు. నీ బీపీ సంగతి నాకు తెలుసు.

ఆ చీటీ రాసింది నేను. మొదట నీ పేరే రాశాను. జార్జి, నా తమ్ముడు, దాత కావాలి అని. ఆ 'దాత' దగ్గర కలం ఆగిపోయింది. ఎందుకంటే దాత అదే గుడిలో, ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూర్చుని ఉంది. ఆ కాగితం చింపేసి, టీవీలో పిల్ల పేరు రాసి ఇచ్చాను.

ఆరు నెలల కిందట నా కిడ్నీ నీకు సరిపోతుందేమో చూడ్డానికి తెనాలి ల్యాబులో నేను రక్తం ఇచ్చి వచ్చాను కదా. కలవలేదట అని ఫోనులో చెప్పాను. అబద్ధం రా. కలిసింది. రిపోర్టు చూసి ల్యాబు కుర్రాడు, "అదృష్టవంతులండీ మీ తమ్ముడు" అన్నాడు కూడా. ఆ కాగితం బీరువాలో, బైబిలు కింద పెడితే రోజూ చెయ్యి తగులుతోందని, తీసి పట్టుచీరల అడుక్కి తోశాను. నువ్వేమన్నావో గుర్తుందా? "పోనీలే అక్కా, నువ్వు వెళ్లి ఇచ్చావు, అదే చాలు" అన్నావు. రిపోర్టు పంపమని కూడా అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజే దొరికిపోయి బతికిపోయేదాన్ని.

మీ బావగారు వద్దన్నారని రాద్దామనుకున్నాను. పొద్దున చింపిన మొదటి కాగితం అదే. ఆయనకసలు చెప్పనే లేదు. సింధు పెళ్లి కాకుండా నాకేమైనా అయితే ఎలా అని రాద్దామనుకున్నాను. రెండో కాగితం అది. నిజం ఏంటంటే నాకు భయమేసింది. కత్తంటే భయం, మత్తుమందంటే భయం, పడుకోబెట్టి తలుపులు మూస్తారే, అదంటే భయం. నీకు నడక నేర్పిన చేత్తోనే నిన్ను పట్టుకుని స్కూలుకి తీసుకెళ్లినదాన్ని, నీకు అవసరమొచ్చేసరికి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఈ ఆరు నెలల్లో నీ చేతికి పొడిచిన ప్రతి సూదికీ నేనే బాధ్యురాలిని. క్షమించమని ఇప్పుడు అడగను. నువ్వు కోప్పడ్డాకే అడుగుతాను.

మొన్న ఆదివారం అన్నాలయ్యాక మీ బావగారి ముందు ఆ కాగితం పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఆరు నెలలా, లతా?" అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "నాకు ఇష్టమని చెప్పలేను. నాకూ భయంగానే ఉంది. కానీ వద్దన్న పాపం నేను మోయలేను" అని, ఫోను తీసి టికెట్టు తనే తీశారు. స్కూల్లో పరీక్షలు వచ్చే సోమవారంతో అయిపోతాయి, ఆ తర్వాత ఆపరేషను సంతకాలకి వస్తానన్నారు. మీ డాక్టరుగారు మళ్లీ అన్ని పరీక్షలూ చేస్తారని తెలుసు. చేయనీ. నాకు షుగరు లేదు, బీపీ లేదు, ఉన్నదల్లా పిరికితనమే. అది కిడ్నీలో ఉండదనుకుంటాను.

శుక్రవారం సాయంత్రం ఇక్కడ ప్యాసింజరెక్కి తెనాలిలో దిగి, విశాఖ బండి కోసం రెండు గంటలు కూర్చోవాలి. నా భయమంతా ఆ రెండు గంటలే. రేపల్లె తిరిగి వెళ్లే బండి కళ్లెదురుగానే నిలబడి ఉంటుంది. నా సంగతి నాకు తెలుసు. నీకు చెప్పకుండా బయల్దేరితే, ఆ బండెక్కి ఇంటికొచ్చేసి, రైలు తప్పిపోయిందని ఇంకో అబద్ధం ఆడగలను. అందుకే ఈ ఉత్తరాన్ని నాకంటే ముందు పంపిస్తున్నాను. స్పీడు పోస్టులో వేస్తే గురువారానికి నీ చేతిలో ఉంటుంది. నీకు తెలిసిపోయాక ఇక నాకు వెనక్కి బండి లేదు.

శనివారం నీ మిషను మధ్యాహ్నం కదా. పొద్దున స్టేషనుకి రా. తిట్టడానికైనా సరే, రా.

ఇట్లు,
భయంతోనే బయల్దేరుతున్న
నీ అక్క,
స్వర్ణలత.