రగ్గుల కాగితం మీద నీ పేరు

మల్లన్నా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నువ్వు చలికి పోయి నేటికి ఏడాది. కూలీలం ఇంకా పరకాల రోడ్డు పని దగ్గర ఆరుబయటే పడుకుంటున్నాం. నువ్వు చూపినట్టే నేల మీద మంట వేసి, నిప్పులు ఊడ్చేసి, ఆ వేడి మీద గడ్డి పరుచుకుంటున్నాం.

నిన్న సాయంత్రం మేం అడగకుండానే మేస్త్రీ రగ్గులు తెచ్చాడు. మంచినీళ్లు అడిగినా కసిరే మనిషి! నాకు నమ్మకం కుదరలేదు.

"ఏంది మేస్త్రీ, గింత ప్రేమ ఎప్పటిసంది?"

"నీకు అన్నింట్ల అనుమానమేరా! పెద్దసారు చూడనొస్తాండు. జల్ది ఏలిముద్ర ఏసి తీస్కపో."

కాగితం లాక్కుని చదివాను. నిరుడు చలికాలంలోనే అందరికీ రగ్గులు ఇచ్చామని రాసి ఉంది. నీ పేరూ ఉంది, పక్కన వేలిముద్ర. నేను సంతకం నేర్పాక నువ్వు వేలిముద్ర ఎప్పుడు వేశావన్నా?

అందరికీ వినపడేలా చదివాను. "మల్లన్నకు రగ్గిచ్చిన్రని సాక్ష్యం చెప్తరా?" అని అరిచాను. అందరూ రగ్గుల వైపే చూశారు. మేస్త్రీ రగ్గులు తన గుడారంలో పెట్టించి, "సలి వెడితే మీరే అస్తరు" అని నవ్వాడు.

పొద్దున గంజి తాగేటప్పుడు ఒక్కొక్కరి బొటనవేలూ దొంగచాటుగా చూశాను. ఎవరికీ సిరా లేదు.