జీతాల టోపీ

విజయవాడ,
6 జూలై 2025

చిరకాల మిత్రుడు పోలరాజుకి నబీ సలాములు.

మేమంతా క్షేమం. నీ చెవులు ఫోనుకి పనికిరావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు పడవ ఇంజను పక్కన కూర్చున్నావు మరి. నేను ఫోనులో అరిస్తే మా వీధంతా వింటోంది, నువ్వు తప్ప.

నా మోకాలికి ఆపరేషనైంది. ఆటోనగర్ షెడ్డు అల్లుడు రిజ్వాన్ చూసుకుంటున్నాడు. రెండు నెలలు మంచం దిగొద్దన్నారు. నేను ఊరుకోనని తెలిసి మా చిన్నమ్మాయి ఆస్రా ఒక హాకీ తెచ్చిపెట్టింది. టీవీలో ఆడే హాకీ. మన మట్టి గ్రౌండు కాదు, ఐసు మీద ఆట. బంతి కూడా ఉండదు, నల్లటి బిళ్ళ. చేతిలో బొత్తాల డబ్బా పట్టుకుని మంచం మీంచే అందర్నీ పరిగెత్తిస్తున్నాను. నేను జనరల్ మేనేజర్ని. మనుషుల్ని పెట్టుకోవడం, జీతాలివ్వడం, తీసెయ్యడం అన్నీ నావే.

ఇంకెవర్ని పెట్టుకుంటాను? 1986 నాటి మన ఇబ్రహీంపట్నం జట్టునే దింపాను. గోల్లో లాజరు, వెనకాల జక్కయ్య, ముందు నువ్వూ నేనూ. నిన్న ప్రాక్టీసు మ్యాచ్‌లో లాజరు తొమ్మిదిసార్లు గోలు కాపాడాడు. చూస్తూ చూస్తూ ఏడ్చేశాను.

ఒకటే చిక్కు. శాలరీ క్యాప్ అని ఒకటుంది. ఆస్రా ఫోనులో తెలుగు చేసి చూస్తే ‘జీతాల టోపీ’ అని వచ్చింది. అందరి జీతాలూ కలిపి ఆ టోపీ దాటకూడదట. అందరికన్నా ఎక్కువ జీతం నీదే. ఎవరినో ఒకరిని తీస్తే గాని సీజను మొదలుపెట్టనివ్వరు. నిన్ను తీసేస్తే లెక్క సరిపోతుంది. ఏమంటావు?

నీ
నబీ

తా.క. నీకు గడ్డం పెట్టాను. ఏమీ అనుకోకు, నీ ముక్కుకి సరిపడ్డ మొహాలన్నీ గడ్డంతోనే వచ్చాయి.

❖

గిలకలదిండి, మచిలీపట్నం,
14 జూలై 2025

నబీ భాయ్‌కి పోలరాజు నమస్కరించి రాయునది.

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకుని, కొండలమ్మకి ఒకసారి చదివి వినిపించాను. అరవై దాటాక మనకి జీతమిచ్చి ఆడించే మారాజు ఎవరు భాయ్? టీవీలో అంటున్నావు, ఏ ఛానలు? ఎన్ని గంటలకి? రేవులో అందరికీ చెప్పేశాను.

ఐసు సంగతి మాత్రం నన్నడుగు. నలభై ఏళ్ళుగా చేపల పెట్టెల్లో ఐసు కొట్టి పోస్తున్నవాణ్ణి. దానిమీద పీతే నిలబడలేదు, మనిషేం నిలబడతాడు? గోనెపట్టాలు పరుస్తారా? చలికి తట్టుకోవాలని కొండలమ్మ బజారుకెళ్ళి స్వెట్టరు కొనుక్కొచ్చింది. అయినా బొత్తాల డబ్బా ఎందుకు? నీకు ఈలుండేది కదా.

అంతా బాగానే ఉంది గానీ, నా జీతం ఎక్కువైపోయిందన్నావు. ఇంతవరకూ నాకు రూపాయి ముట్టలేదు. జనానికి టోపీ పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. పెడుతున్నానని ముందుగా ఉత్తరం రాసినవాణ్ణి నిన్నే చూశాను. నన్ను తీసెయ్యొద్దు. జీతం తగ్గించుకోమంటే తగ్గించుకుంటాను. ఒక్క మ్యాచ్ ఆడనిస్తే చాలు.

ఇట్లు
పోలరాజు

తా.క. లాజరు తొమ్మిదిసార్లు కాపాడాడన్నావు. మరి నాలుగేళ్ళ కిందట మనిద్దరం మోసుకెళ్ళి మట్టి వేసి వచ్చింది ఏ లాజరుకి?

❖

విజయవాడ,
15 జూలై 2025

పోలరాజుకి నబీ మళ్ళీ సలాములు.

నీ జవాబు ఇంకా అందలేదు. పోస్టుమేను మా వీధికి ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. ఈలోగా ఇక్కడ వ్యవహారం ముదిరింది, అందుకే రాస్తున్నాను.

నీతో వేగలేకపోతున్నాను. జీతం కొంచెం తగ్గించుకోమని కబురు పెడితే నీ ఏజెంటు ఒప్పుకోలేదు. పైగా ఇంకా పెంచమన్నాడు. ఆ కోపంతో నిన్ను రెండు ప్రాక్టీసు మ్యాచ్‌లు బయట కూర్చోబెట్టాను. దాంతో నీ పేరు పక్కన ఏడుపు మొహం వచ్చింది. నువ్వు అలిగావని మిగతావాళ్ళు కూడా డీలా పడ్డారు.

నిన్న కెనడావాళ్ళు బేరం పెట్టారు. నిన్ను ఇచ్చేస్తే బదులుగా ఇద్దరు కుర్రాళ్ళని పంపుతారట. చవకలో వస్తారు, పళ్ళు కూడా అన్నీ ఉన్నాయి. ఆదివారంలోగా చెప్పాలి. నీ మాట కోసం ఆగాను.

నీ
నబీ

తా.క. లాజరుకి మాత్రం జీతం పెంచాను. వాడు నోరు తెరిచి అడగడు కదా.

❖

గిలకలదిండి,
23 జూలై 2025

జనరల్ మేనేజరు షేక్ నబీ గారికి, చేపల వ్యాపారి పోలరాజు వ్రాయు విన్నపము.

అయ్యా, తమరి రెండో ఉత్తరం అందింది. నా తరఫున బేరాలాడే హక్కు ఈ భూమ్మీద కొండలమ్మ ఒక్కదానికే ఉంది. తను ఎవరితోనూ మాట్లాడలేదని దేవుడి పటం మీద చెయ్యేసి చెప్పింది. మరి నా పేరు చెప్పుకుని జీతం పెంచమన్న ఆ ఏజెంటు ఎవరండీ? చనిపోయిన లాజరుకి జీతం పెంచారు సరే, ఆ డబ్బు సంతకం పెట్టి తీసుకుంటున్నది ఎవరండీ?

నన్ను కెనడావాళ్ళకి ఇచ్చేస్తారా? కొండలమ్మ ఒక పూటంతా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, బదులొచ్చే ఆ కుర్రాళ్ళిద్దరికీ వల బాగుచెయ్యడం వచ్చేమో కనుక్కోమంది.

నవ్వులాట కాదు నబీ గారూ. గుడివాడ ఫైనల్ రోజున కూడా మీరు ఇదే మాటన్నారు. “ఈసారి లెక్క సరిపోలేదురా” అని నన్ను తాడుకి ఇవతల కూర్చోబెట్టారు. సెమీఫైనల్లో రెండు గోల్సూ నావే. ఏ లెక్క సరిపోలేదో మీరు చెప్పలేదు, నేను అడగలేదు. ముప్పై తొమ్మిదేళ్ళుగా చేపలు లెక్కపెట్టినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది. ముసలితనంలో కూడా మీ చేత్తోనే తీసేయించుకోవాలా? ఇక మీ జట్టుకీ నాకూ సంబంధం లేదు.

ఇట్లు
పి. పోలరాజు

తా.క. స్వెట్టరు వెనక్కి తీసుకోనని కొట్టువాడు తెగేసి చెప్పాడు. డబ్బు దండగని కొండలమ్మ రోజూ వేయిస్తోంది. ఈ ఎండలో బందరు రేవులో స్వెట్టరు వేసుకు తిరుగుతున్నది నేనొక్కణ్ణే.

❖

విజయవాడ,
29 జూలై 2025

పోలరాజూ,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. మొదటిది చదివి నవ్వాను. రెండోది చదివాక అన్నం సయించలేదు.

ఒరేయ్, అది వీడియో ఆటరా. బొమ్మలాట. అందులో నువ్వూ బొమ్మే, నేనూ బొమ్మే. కెనడా లేదు, ఏజెంటు లేడు. జీతాలు కూడా అంకెలే, ఎవరి జేబులోకీ వెళ్ళవు. లాజరు పోయాడని నాకు తెలియదా? వాణ్ణి మళ్ళీ గోల్లో నిలబడగా చూడాలనే కదా ఇదంతా చేశాను.

నీ జీతం ఎందుకెక్కువో చెబుతాను. ఆ ఆటలో మనిషిని తయారుచేసేటప్పుడు మార్కులు వెయ్యాలి. నీ పరుగుకి నూటికి తొంభైతొమ్మిది వేశాను. అంతకుమించి వెయ్యనివ్వలేదు. నాకు అరవై రెండు వేసుకున్నాను. మార్కులు ఎక్కువుంటే జీతం ఎక్కువ అడుగుతారట. నిన్ను తక్కువ చేసి వేస్తే అన్నీ సర్దుకునేవి, కానీ చెయ్యి రాలేదు.

ఇక గుడివాడ సంగతి. బూట్లు లేనివాళ్ళు ఫైనల్ ఆడకూడదని పొద్దున్నే చెప్పారు. మన దగ్గర ఉన్నది పదకొండు జతలు, మనుషులం పన్నెండుమంది. నీకు తప్ప అందరికీ ఉన్నాయి. నా బూట్లు నీ కాలికి సరిపోతాయని నాకు తెలుసు, ఎన్నోసార్లు వేసుకున్నావు. విప్పి ఇద్దామనుకున్నాను కూడా. కానీ గెలిస్తే కప్పుతో ఫోటో తీస్తారన్నారు. కెప్టెన్ ఫోటోలో ఉండాలి కదా అనిపించింది. అంతే, ఇంకే కారణమూ లేదు. ఆ మాట నీ మొహం చూసి చెప్పలేక లెక్క అన్నాను. నన్ను క్షమించు.

ఈసారి మాత్రం నిన్ను తియ్యను. లాజరునీ జక్కయ్యనీ తీసేస్తే టోపీ సరిపోతుంది. ఇద్దరూ పోయినవాళ్ళే, ఎందుకు తీశావని అడగరు. ఆదివారం తీసేస్తాను.

నీ
నబీ

తా.క. పోయినవాళ్ళు అడగరని రాసేశాను గానీ, ఆ బొత్తం మీద వేలు పెడితే లాజరు బొమ్మ నావైపే చూస్తోంది.

❖

గిలకలదిండి,
1 ఆగస్టు 2025

ఒరేయ్ నబీ,

ఆదివారంలోగా చేరాలని ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. విజయవాడ వచ్చే చేపల వ్యానువాడి చేతికిచ్చాను. వాసనొస్తే సర్దుకో.

బూట్ల సంగతి నాకప్పుడే తెలుసు. ఆ రోజు టెంటు దగ్గర అనుకుంటుంటే విన్నాను, అప్పుడు చెవులు బాగానే ఉండేవి. అది నీ నోటివెంట వస్తుందని చూశాను. ఇప్పటికి వచ్చింది, చాలు. ఆ ఫోటో లాజరు ఇంట్లో ఉంది, ఎప్పుడైనా చూశావా? సరిగ్గా తీసే సమయానికి నువ్వు కళ్ళు మూసుకున్నావు. అది చూసిన రోజే నా కోపం సగం పోయింది.

ఇక అసలు మాట. లాజరు మీదా జక్కయ్య మీదా చెయ్యి వెయ్యకు. నన్ను తీసెయ్యి.

అలిగి అనడం లేదు. తొంభైతొమ్మిది వేశావని చదివాక అలకెక్కడిది? ఆ అంకె కొండలమ్మకి రోజుకి రెండుసార్లు చెబుతున్నాను. కానీ ఆలోచించు. నేను బతికే ఉన్నాను. ఆడాలనిపిస్తే కర్ర పట్టుకుని రేవులో ఇసకలోకి దిగుతాను, మోకాళ్ళు నొప్పెడితే తిట్టుకుంటూ ఇంటికొస్తాను. నీకూ నెల తిరిగేసరికి కాలు వంగుతుంది. వాళ్ళిద్దరికీ నీ టీవీ తప్ప వేరే గ్రౌండు లేదురా. ఉన్నవాళ్ళం చోటు పట్టుకు కూర్చుని పోయినవాళ్ళని గెంటితే ఎలా?

నిన్ను కూడా తీసెయ్యి. మనిద్దరి జీతాలూ మిగిలితే వాళ్ళకి పంచు. ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. మంచం పక్కన నాకో కుర్చీ వేయించు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ
పోలరాజు

తా.క. జక్కయ్యకి బిళ్ళ ఎప్పుడూ కుడివైపే అందించు. వాడికి ఎడమ కన్ను కనిపించేది కాదు. కెప్టెన్‌కి తెలిస్తే తీసేస్తాడని భయపడి, నీకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు.