పెంటపాడు చేలో నీ చుట్టాలు

సువార్తా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నీకొక మంచి మాట చెప్పాలి.

మూడేళ్ల కిందట కాండం తొలిచే పురుగు కోసం నువ్వు ఏలూరు నుంచి కందిరీగల గుడ్లు అంటించిన కాగితం కార్డులు తెచ్చి వరి ఆకులకి కట్టావు. వాటిలోంచి వచ్చే చిట్టి కందిరీగలు పురుగు గుడ్లలోనే తమ గుడ్లు పెట్టి, దాన్ని పుట్టనివ్వవని చెప్పావు. నాకు భయమేసి మర్నాడే మందు కొట్టాను. "ఏవండీ, చుట్టాల్ని పిలిచి విషం పెడతారా?" అన్నావు.

ఈసారి కార్డులు నేనే కట్టాను. పక్కచేను సుబ్బారావు, "కాగితం ముక్కలకి పురుగు బెదిరిపోద్దేంటండీ బాబాయ్‌గారూ!" అని ఒకటే నవ్వు. చేలో ఆ పురుగు గుడ్లు పెట్టే రెక్కల పురుగులు లేచేసరికి నాకూ ధైర్యం చాలలేదు. పురుగు గుడ్లున్న ఆకు తుంచి, నీ కాఫీపొడి సీసాలో వేసి మూత పెట్టాను. పిల్లపురుగులు పుడితే మందు కొట్టాల్సిందే అనుకున్నాను.

వారం తిరిగాక ఓ పొద్దున చూస్తే సీసాలో ఆవగింజలో సగం కూడా లేని కందిరీగలు తిరుగుతున్నాయి. పిల్లపురుగు ఒక్కటీ లేదు. సుబ్బారావుకి చూపించాను. "ఆ కార్డులు నాకూ తెచ్చిపెట్టండీ" అన్నాడు, ఈసారి నవ్వకుండా. నేనే నవ్వాను.

చేలో నిలబడి మూత తీశాను. అన్నీ మన వరి మీదికే ఎగిరాయి.

ఈసారి నీ చుట్టాలకి ఏ లోటూ రానివ్వలేదు.