దూరం ముందు మైనస్

12 జూలై 2007, గురువారం. తిరుపతి.

ఆరు నెలలుగా నా లెక్కలో దూరం ముందు ప్లస్ గుర్తే ఉంది. హెచ్‌ఐవీ మందులిచ్చే సెంటరు ఎంత దూరమైతే అంతమంది మధ్యలో మానేస్తారని నా లెక్క. అందుకే నగరిలో కూడా ఒకటి తెరవాలని రిపోర్టు రాసేశాను. సోమవారం అధికారులకు ఇవ్వాలి.

ఈరోజు ఇక్కడి సెంటరులో, నగరి నుంచి నెలనెలా వచ్చే ధనమ్మ పక్కన కూర్చుని, "అక్కా, ఇక మీకు బస్సు బాధ లేదు, మీ ఊళ్లోనే పెట్టమని రాశాను" అన్నాను గొప్పగా. ఆమె ముఖం పాలిపోయింది.

"అంత పని సేయొద్దు మేడం! ఆడ లైన్లో నిలబడితే మా మగ్గాల వీధంతా సూస్తాది. ఈడికైతే కొండకు పోతా ఉండానని సెప్పి వస్తాను. లడ్డు తీసకపోయి ఇస్తే మా అత్త కళ్లకద్దుకుంటాది."

రూముకొచ్చి పాత కాగితాలు తిరగేశాను. తిరుపతి ఊళ్లోవాళ్లే ఎక్కువగా మానేసినట్టు చూపే అంకెలు అందులో ఉన్నాయి. తప్పుగా పడ్డాయనుకుని వాటిని పక్కన పెట్టింది నేనే. ఇప్పుడు వాటిని కలిపి మళ్లీ వేస్తే గుర్తు మైనస్‌కు మారింది: దూరం నుంచి వచ్చేవాళ్లే తక్కువగా మానేస్తున్నారు. లెక్క చక్కగా కుదిరింది. ఎవరికి నచ్చిన ఊళ్లో వాళ్లను మందు తీసుకోనివ్వాలని రిపోర్టు మార్చేశాను. మా పీహెచ్‌డీ గైడు గొణుగుతారు, గొణగనీ. ఈ లెక్క నిలబడుతుంది.

ఇందాక సెంటరులో లేచి వెళ్తూ ధనమ్మ ఇంకో మాట కూడా అంది. "వచ్చే నెల మా అత్త కూడా కొండకు వస్తానంటా ఉండాది మేడం."

అత్త వస్తే ధనమ్మ నిజంగానే కొండెక్కి, దణ్ణం పెట్టుకుని, బిళ్లలు లేకుండా ఇంటికి పోతుంది. నా లెక్కలో ఆ నెల ఆమె మానేసిన మనిషి.